నాన్న పోయి 5 నెలలు: ఏడుపు ఇప్పుడెందుకు వస్తోంది?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నగారు రిటైర్డ్ టీచరు, షుగర్ ఉండేది. ఆగస్టులో ఒక సాయంత్రం పెళ్ళి భోజనం చేసొచ్చి, రాత్రి 9 గంటలకు ఫోన్లో "గ్యాస్ పట్టేసినట్టుందమ్మా" అన్నారు. "జీలకర్ర నీళ్ళు తాగి పడుకోండి నాన్నా" అన్నాను. తెల్లారేసరికి లేరు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. అన్నయ్య అమెరికా నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ పక్కన కూర్చున్నది నేనే, పెద్దకర్మ భోజనాలు చూసింది నేనే, కాగితాల పని చేసింది నేనే. డిసెంబర్‌తో అన్నీ పూర్తయ్యాయి. మొన్న రైతుబజార్లో ఒక పెద్దాయన బెండకాయల కొసలు విరిచి చూస్తుంటే, అచ్చం నాన్నలా, నాకేమైందో తెలీదు, సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను. అప్పట్నుంచి రోజూ ఏడుపే. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వచ్చేస్తోంది. నెట్లో ఐదు దశలని చదివాను, నేను ఏ దశలో ఉన్నాను? నిద్రమాత్ర వేసుకోవచ్చా? ఆరేళ్ళ బాబు తాతయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. అన్నయ్య పెద్దకర్మ అవగానే వెళ్ళిపోయాడు, మామూలుగానే ఉన్నాడు. నాన్న చొక్కాలు ఎవరికైనా ఇచ్చేయమని అత్తయ్యలు పోరుతున్నారు. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంది. సాయంత్రం పూట గేటు చప్పుడు వినిపిస్తుందంటుంది, గుండె బరువుగా ఉందంటుంది. ఈ సంక్రాంతికి పండగ లేదు కదా, అయినా వెళ్ళాలా?

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయాన్ని నేను ముందుకు తెస్తున్నాను. మీ అమ్మగారు గుండె బరువుగా ఉందంటున్నారు కదా, దాన్ని బెంగ కింద కొట్టేయకండి. రేపే ఎవరినైనా తోడిచ్చి డాక్టరు దగ్గరికి పంపి ఈసీజీ తీయించండి. నొప్పి, చెమటలు, ఆయాసం కూడా ఉన్నాయంటే రేపటిదాకా కూడా ఆగొద్దు. మనసుకి దెబ్బ తగిలితే గుండె కండరం నిజంగానే నీరసించిపోయే జబ్బు ఒకటుంది. 1990లో జపాన్ డాక్టర్లు దానికి టకోట్సుబో అని పేరు పెట్టారు. అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లని పట్టే కుండ పేరది. ఆ జబ్బులో గుండె ఎడమవైపు కింది గది ఉబ్బి ఆ కుండలా కనిపిస్తుందట. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్ళలోనే ఎక్కువ. అది మామూలుగా దెబ్బ తగిలిన తొలి గంటల్లో, రోజుల్లో వచ్చేది కాబట్టి మీ అమ్మగారికి అదేనని నేననడం లేదు. బెంగ ఒంటిని కూడా తాకుతుందని చెప్పడానికి రాశాను. దీనికంటే మామూలు సంగతి ఒకటుంది: భర్త పోయిన ఏడాదిలో కొందరు ఆడవాళ్ళు తమ బీపీ మాత్ర వేసుకోవడం మానేస్తారు. మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషే పోయాడు మరి. ఆవిడ మాత్రల డబ్బాలో ఎన్ని మిగిలాయో ఫోన్లో లెక్కపెట్టించండి.

ఆ ఏర్పాటు చేసి వచ్చాక మిగతాది చదవండి.

నేను విజయవాడలో 24 ఏళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. 2009లో మావారు పోయారు. చదువు వల్ల తెలిసినవీ, ఆ ఏడాది వల్ల తెలిసినవీ కలిపే రాస్తున్నాను, విడదీయడం నాకూ చేతకాదు.

ఏడుపు ఆలస్యంగా వచ్చిందని కంగారు పడుతున్నారు. మీరు రాసిన పనుల్నే ఒకసారి చూసుకోండి. ఫ్రీజర్ బాక్స్ పక్కన కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ "రాత్రి బాగానే మాట్లాడారండీ" అని మొదటినుంచి చెప్పింది మీరు. పెద్దకర్మకి ఎన్ని విస్తళ్ళు లేస్తాయో లెక్క కట్టింది మీరు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఫ్యామిలీ పెన్షన్, బ్యాంకు, గ్యాస్ బుక్కు, కరెంటు మీటరు. వీటిలో ప్రతి దరఖాస్తులోనూ నాన్నగారి పేరు ముందు "లేట్" అని మీ చేత్తో రాసి ఉంటారు. ఆ రెండక్షరాలు రాసేటప్పుడు ఏడుస్తూ కూర్చుంటే కౌంటరు మూసేస్తారు, మళ్ళీ రేపు రమ్మంటారు. అందుకని ఏడవాల్సిన మనిషిని మీరే పక్కన కూర్చోబెట్టి, పని చేసే మనిషిని పంపించారు. డిసెంబర్లో చివరి కాగితం అయిపోయింది. బెండకాయల సంగతి జనవరిలో జరిగింది. నాకైతే ఇందులో వింతేమీ కనిపించలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నాలుగో నెలకీ ఎనిమిదో నెలకీ మధ్యలో వస్తారు. మొదటి నెలలో ఇల్లంతా మనుషులే, ఫోను పెట్టేస్తే మళ్ళీ మోగుతుంది. ఐదో నెలకి ఎవరూ పలకరించరు. పైగా "ఇంకానా?" అన్నట్టు చూస్తారు.

మన పెద్దవాళ్ళ లెక్క వేరుగా ఉండేది. పదిరోజుల మైల, పదకొండు, పన్నెండు, తర్వాత నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ముస్లిముల ఇళ్ళలో నలభయ్యో రోజుంది, క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక, ఆపైన జ్ఞాపకార్థ కూడిక ఉన్నాయి. వీటి మీద మీకు నమ్మకం ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. వాటి అమరిక చూడండి: మొదట్లో రోజూ, తర్వాత నెలకోసారి, తర్వాత ఏడాదికోసారి. ఈ ఒక్క రోజు మీరు మళ్ళీ పనులు మానేసి ఆయన గురించి కూర్చోండి అని ఎవరో ముందే తేదీ వేసి పెట్టినట్టు. మీ ఇంట్లో మాసికాలన్నీ పెద్దకర్మతోనే కలిపి కానిచ్చేసి ఉంటారు, అన్నయ్యకి సెలవు లేదు కాబట్టి. ఇప్పుడు చాలా ఇళ్ళలో అంతే. దాంతో ఏడవడానికి వేసిపెట్టిన తేదీలన్నీ కూడా ఒక్క రోజులో అయిపోయాయి.

మా అమ్మమ్మగారి ఊళ్ళో చావింటికి వచ్చిన ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడ్చేవాళ్ళు. చిన్నప్పుడు నాకది నాటకంలా అనిపించి నవ్వొచ్చేది, మా అమ్మ తొడపాశం పెట్టేది. ఒకావిడ "కృష్ణా పుష్కరాలకి నన్ను తీసుకుపోతానంటివి కదయ్యా" అని ఎత్తుకుని, ఆ మనిషి ఎవరికి సాయం చేశాడో, ఎవరితో తగువు పెట్టుకున్నాడో, కొట్లో ఎంత బాకీ ఉంచి పోయాడో అంతా రాగం తీసి చెప్పేది. వింటున్నవాళ్ళు ఏడుస్తూనే మధ్యలో నవ్వేవాళ్ళు కూడా. ఇవాళ మా గదిలో గంటకింత అని తీసుకుని మేం చేయించేది దాదాపుగా అదే, పోయిన మనిషి కథ మొదటినుంచీ చెప్పించడం. అపార్ట్‌మెంట్లలో శోకాలు పెట్టడం కుదరదు. పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చి తలుపు కొడతారు. అందుకే మీకు ఆటోలో వచ్చింది.

"ఏడిస్తే నాన్న ఆత్మకి శాంతి ఉండదు" అని మీతోనూ ఎవరో అనే ఉంటారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, మీరు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో వాళ్ళకి తోచక అంటారు. మీరు మాత్రం ఆ మాటకి లోబడి ఏడుపు మింగొద్దు.

ఇక ఐదు దశలు. అవి 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే డాక్టరు రాసినవి. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఆవిడ కూర్చుని మాట్లాడింది ముఖ్యంగా తమకే చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో. వెనక మిగిలినవాళ్ళకి అవే దశల్ని వర్తింపజేయడం తర్వాత జరిగింది. అవేవో విజయవాడ నుంచి గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు అని వరసగా వచ్చే స్టాపులు కావు. మీరు ఏ స్టాపులో ఉన్నారో వెతుక్కోవద్దు, ఆ బస్సే లేదు.

నాకు పనికొచ్చిన ఆలోచన వేరొకటి. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ అనే ఇద్దరు 1999లో రాశారు. మనిషి పోయిన ఇంట్లో రెండు రకాల పనులు ఉంటాయన్నారు. ఒకటి పోయిన మనిషి కోసం బాధపడటం. రెండోది ఆ మనిషి లేకపోవడం వల్ల మన మీద పడ్డ కొత్త బతుకుని నేర్చుకోవడం. ఈ రెండింటి మధ్యా ఊగుతూ ఉండటమే సహజమనీ, ఎప్పుడూ ఒకవైపే ఉండిపోతేనే ఇబ్బందనీ వాళ్ళ మాట. నా దగ్గరికి ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు వచ్చేవారు. భార్య పోయిన రోజు కన్ను తడవలేదు. మూడు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం చారు పెట్టుకుందామని పొయ్యి వెలిగించి, నూనె కాగాక ఆవాల కోసం చూశారు. ఆ ఇంట్లో 31 ఏళ్ళు భోంచేసిన మనిషికి ఆవాలు ఏ డబ్బాలో ఉంటాయో తెలియదు. ఒక్కో డబ్బా మూత తీస్తూ, నూనె మాడి పొగ వస్తుంటే, అక్కడే గట్టు కింద కూర్చుని గట్టిగా ఏడ్చేశారట. ఆయన బాధ ఎక్కడ ముగిసిందో, వంట రాని ఇబ్బంది ఎక్కడ మొదలైందో విడదీయగలరా? మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. ఆయన చేత భార్య గురించి చెప్పించాం, వాళ్ళ కోడలు వారానికొక వంట నేర్పింది. ఆవాలు ఇప్పటికీ భార్య పెట్టిన డబ్బాలోనే ఉంటాయి. అది హార్లిక్స్ సీసా, అందుకే ఆయనకి దొరకలేదు.

మీరు 5 నెలలు రెండో వైపే ఉండిపోయారు, ఇప్పుడు ఊపు ఇటొచ్చింది. రోజూ ఏడుస్తున్నా ఆఫీసుకి వెళ్తున్నారు, బాబుకి క్యారేజీ కడుతున్నారు అనుకుంటాను. అలా అయితే నాకు భయం లేదు.

జీలకర్ర నీళ్ళ సంగతి రెండు వాక్యాల్లో చెప్పేశారు గానీ, మీ ప్రశ్న మొత్తం దాని చుట్టూనే తిరుగుతోందని నాకనిపించింది.

ఆయుష్షు అంతే, నువ్వేం చేసినా ఆగేది కాదు అని బంధువులు చెప్పి ఉంటారు. కొందరికి ఆ మాట నిజంగానే ఊతమిస్తుంది. మీకు ఇవ్వకపోతే దానికి కారణం ఉంది: మీరు ఈపాటికి నెట్లో వెతికేసి ఉంటారు. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు గ్యాస్ నొప్పిలా రావచ్చని చదివి ఉంటారు. అది నిజమే. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్ళకి గుండె నొప్పి సరిగా తెలియదు. పొట్ట పైభాగంలో బరువు, తేన్పులు, ఆయాసం, అంతవరకే ఉండవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే బతికేవారేమో. బతికేవారు కాదేమో. ఈ "ఏమో"ని నేను గానీ ఏ డాక్టరు గానీ తీసేయలేం. తీసేస్తామని ఎవరైనా చెప్పినా ఆ మాట మీ దగ్గర గంటసేపు కూడా నిలవదు, తెల్లవారుజామున 3 గంటలకి మళ్ళీ లేచి కూర్చుంటుంది.

మా గదిలో ఒక పని చేయిస్తాను, మీరూ చెయ్యండి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ రాత్రి 9 గంటలకి మీకు తెలిసినవి మాత్రమే రాయండి. 9 తర్వాత తెలిసింది ఒక్కటి కూడా రాయకూడదు. నాన్న పెళ్ళి భోజనం చేసొచ్చారు. పెళ్ళి భోజనం తర్వాత ఎవరికైనా పొట్ట బరువుగానే ఉంటుంది. గ్యాస్ అన్న మాట ఆయన నోట్లోంచే వచ్చింది, మీరు కల్పించింది కాదు. అమ్మ పక్కనే ఉంది. మీరు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, మీ చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. గొంతు ఎలా ఉంది, ఇంకేం మాట్లాడారు, మీకే తెలుసు, అవీ రాయండి. మొదటిసారి రాసేటప్పుడు 'కానీ నేను అడగాల్సింది' అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. కొట్టేసి మళ్ళీ రాయండి. మా దగ్గర ఒకాయన ఏడు కాగితాలు చింపాడు. ఎనిమిదో కాగితం మీద ఐదు లైన్లు మిగిలాయి. అవి చదువుకుని, "ఇంతే తెలుసా నాకు?" అన్నాడు. అంతే తెలుసు.

వినడానికి మొరటుగా ఉన్నా ఒక మాట చెప్తాను. తప్పు నాదే అనుకోవడంలో ఒక సుఖం కూడా ఉంది. తప్పు నాదైతే, నేను సరిగ్గా చేసి ఉంటే నాన్న ఉండేవారు. అంటే చావు నా చేతిలో ఉండే వస్తువే, ఆ ఒక్క రాత్రి జారింది. అది ఎవరి చేతిలోనూ లేదనుకోవడం ఇంతకంటే భయం. అందుకే మనసు తప్పుని పట్టుకుని వదలదు. మీరు బలవంతంగా వదిలించుకోనక్కర్లేదు. ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తే ఫోటో ముందు నిలబడి, బయటికి వినపడేలా, "నాన్నా, నాకు తెలియలేదు" అని చెప్పండి. మొదట సిగ్గేస్తుంది. పిల్లవాడు స్కూలుకెళ్ళాక చెప్పండి.

చొక్కాల దగ్గర అత్తయ్యలకి తొందరెందుకో నాకెప్పుడూ అర్థం కాదు. ఇచ్చేయాలనిపించినప్పుడు ఇవ్వండి, లేదంటే బీరువాలో ఉండనివ్వండి, అద్దె అడగవు కదా. పోయినవాళ్ళ మీద మమకారం తెంచుకుంటేనే బతకగలం అన్న ఆలోచన మనదే కాదు, తెల్లవాళ్ళ చదువుల్లోనూ చాలాకాలం ఉంది. 1917లో ఫ్రాయిడ్ అనే మనోవైద్యుడు దుఃఖం గురించి దాదాపు అదే ధోరణిలో రాశాడు. 1920లో ఆయన కూతురు సోఫీ జబ్బుచేసి పోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత, కొడుకు పోయిన ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఆ చోటుని ఇంకేదీ నింపలేదనీ, అలా ఉండటమే సరైనదనీ ఒప్పుకున్నాడు. ఆ వ్యాసంలో రాసినదానికంటే ఈ ఉత్తరంలో రాసినదే నాకు నమ్మబుద్ధేస్తుంది. 1990ల నుంచి ఈ రంగంలోవాళ్ళు కూడా, పోయినవాళ్ళతో బంధం కొనసాగడం జబ్బు కాదనే చెప్తున్నారు. మనకిది కొత్తగా చెప్పాలా? పెత్రమాసకి బియ్యం ఇచ్చేవాళ్ళం, సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునేవాళ్ళం.

మావారు పాల లెక్క క్యాలెండర్ మీద పెన్సిలుతో వేసేవారు. పాలు వచ్చిన రోజు టిక్కు, రాని రోజు "నా", అంటే నాగా. ఆ నెల 17న పొద్దున, 9వ తారీకు పాలొచ్చాయా రాలేదా అని ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. వచ్చాయని నేను, నాగా అని ఆయన. 17వ గడిలో టిక్కు పెట్టి ఆఫీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఆఫీసులోనే పడిపోయారు. నెలాఖరున పాలబ్బాయి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు, డబ్బులడగడానికి మొహమాటపడి. లెక్క చూద్దామని క్యాలెండర్ దగ్గరికి వెళ్తే 17 దాకా ఆయన గీతలు, తర్వాత అన్నీ ఖాళీ గళ్ళు. పాలు మాత్రం రోజూ వచ్చాయి, ఎవరు కాచారో ఎవరు తాగారో నాకు తెలియదు. 9వ తారీకుకి కూడా కలిపి డబ్బులివ్వబోతే అబ్బాయి తీసుకోలేదు. "సారు నాగా అని రాశారు కదమ్మా" అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. ఆ కాగితం నా చీరల కింద ఉంది. తర్వాతి నెల నుంచి టిక్కులు నేను పెడుతున్నాను, ఇప్పుడు ప్యాకెట్ పాలే అయినా. దీన్ని ఎవరైనా పిచ్చి అంటే అననివ్వండి.

మీ అమ్మగారికి గేటు చప్పుడు వినిపించడం కూడా ఇలాంటిదే. నాన్నగారు సాయంత్రం వచ్చే వేళకే వినిపిస్తోంది కదా? 1971లో వేల్స్‌లో ఒక డాక్టరు, దాదాపు 300 మంది భార్య లేదా భర్త పోయినవాళ్ళని కలిసి అడిగితే, ఇంచుమించు సగం మంది పోయినవాళ్ళు దగ్గరున్నట్టు అనిపించిందనో, కనిపించారనో, వినిపించారనో చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, నవ్వుతారని. మీ అమ్మగారు మీతో చెప్పారంటే మీ మీద అంత నమ్మకం. భూతవైద్యులు, తాయెత్తులు వద్దు. "అప్పుడేం చేస్తావమ్మా, లేచి చూస్తావా?" అని అడగండి, చెప్పనివ్వండి.

ఆవిడ విషయంలో ఇంకొకటి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిలవడం మానేస్తే, ఎదురొస్తే మొహం తిప్పుకుంటే, అది ఆవిడకి రెండో చావు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న. ఇంతకాలం గడిచినా కుంకుమ దగ్గర మనం ఇంకా తడబడుతూనే ఉన్నాం. ఆవిడ బొట్టు పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి. ఆధునికంగా ఉండాలని కూతుళ్ళు చేసే బలవంతం కూడా బలవంతమే.

నిద్రమాత్ర గురించి: మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలమ్ లాంటివి తెచ్చుకోవద్దు. అవి నిద్రపుచ్చుతాయి గానీ కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి, మానడం కష్టమవుతుంది. దుఃఖానికి అవి మందు కావు. మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోండి, ఫోను ముట్టుకోవద్దు, ఆ కాగితం పని అప్పుడే చేయొచ్చు. అయితే ఈ కింది సంగతుల్లో ఏదైనా కనబడితే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళడంలో నామోషీ లేదు. పనికి వెళ్ళలేకపోవడం, తిండి మానేసి బరువు తగ్గిపోవడం, దేనిమీదా ఆశ లేకపోవడం, నేనెందుకూ పనికిరానివాడిని అనో పనికిరానిదాన్ని అనో రోజంతా అదే ఆలోచన. ఇవి దుఃఖం దాటి డిప్రెషన్ వైపు వెళ్తున్న గుర్తులు, దానికి మందులు బాగా పనిచేస్తాయి. దుఃఖమే సడలకుండా బిగుసుకుపోయే స్థితిని కూడా ఇప్పుడు జబ్బుగా గుర్తించారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో దానికి కనీస గడువు 6 నెలలు, అమెరికా మానసిక వైద్యుల జాబితాలో పెద్దవాళ్ళకి ఏడాది. గడువు దాటగానే జబ్బు అని కాదు. అన్నాళ్ళయినా తీవ్రత ఇసుమంత తగ్గక, బతుకు ఆగిపోతే. మీకది వర్తిస్తుందని ఇప్పుడు అనలేం.

"నాన్న దగ్గరికి వెళ్ళిపోతే బాగుండు" అని ఒక్కోసారి అనిపించడం చాలామందికి ఉంటుంది. ఎలా వెళ్ళాలో ఆలోచించడం మొదలైతే మాత్రం గడువులు గిడువులు చూడకండి. ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ అమ్మగారి ఫోన్లో కూడా ఆ నంబరు వేసి ఉంచండి.

బాబుకి "తాతయ్య చనిపోయాడు, ఇక రాడు" అని ఆ మాటల్లోనే చెప్పండి. నిద్రపోయాడంటే పడుకోవడానికి భయపడతాడు, ఊరెళ్ళాడంటే ఎదురుచూస్తాడు, దేవుడు తీసుకెళ్ళాడంటే రేపు అమ్మని తీసుకెళ్తాడేమో అనుకుంటాడు. విని రెండు నిమిషాలు మౌనంగా ఉండి "నా కారు బొమ్మేది?" అంటాడు. అది మనసు లేకపోవడం కాదు, పిల్లలకి దుఃఖం దఫదఫాలుగా వస్తుంది. వారం తర్వాత మళ్ళీ అదే ప్రశ్న వేస్తే మళ్ళీ అదే జవాబు చెప్పండి. మీరు ఏడుస్తుండగా చూస్తే దాచుకోకుండా "తాతయ్య గుర్తొచ్చాడు" అనండి చాలు.

మీ అన్నయ్య మామూలుగా ఉన్నాడని ఎలా తెలిసింది? వీడియో కాల్‌లోనా? అక్కడ ఆయన్ని పలకరించడానికి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాల్సిందే. పైగా నాన్న వెళ్ళిపోయిన రాత్రి మీరు కనీసం ఫోన్లో మాట్లాడారు, ఆయనకి ఆ మాట కూడా దొరకలేదు. మీ ఇద్దరి మధ్య ఈ 5 నెలల్లో నడిచిన మాటలన్నీ సంతకాలు, స్కాన్ కాపీల గురించే అయి ఉంటాయి. ఈసారి ఏ పనీ లేకుండా ఫోన్ చేసి బెండకాయల సంగతి చెప్పండి. మీ కోపం ఊరికే వచ్చిందని నేననడం లేదు. భారమంతా మీ మీద పడింది, ఆ మాట కూడా ఎప్పుడో చెప్పాలి, కానీ మొదటి ఫోన్లో వద్దు.

మధ్యలో ఒక చిన్న పని: నాన్నగారి ఫోన్ నంబరుకి రీచార్జ్ ఆపకండి. ఆపితే కొన్నాళ్ళకి నంబరు పోయి ఇంకొకరికి వెళ్తుంది, ఓటీపీలతో పాటు. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు వేరేచోట దాచి ఉంచండి. ఇప్పుడు వినలేకపోయినా పర్లేదు, వినాలనిపించే రోజు వస్తుంది.

సంక్రాంతికి వెళ్ళండి. పండగ లేదు కాబట్టే వెళ్ళండి. వీధంతా ముగ్గులు వేసుకుని ఒక్క మీ గుమ్మమే బోసిగా ఉన్న రోజున ఆవిడ ఒంటరిగా ఉండకూడదు. పెద్దలకి పెట్టుకోవడం మొదటి ఏడు చేస్తారా లేదా అన్నది ఇంటింటికీ మారుతుంది, మీ ఇంటి పద్ధతి అమ్మగారినే అడగండి, ఆవిడకి నలుగురిలో చెప్పడానికి ఒక పెద్దరికం ఉంటుంది. భోగికి ముందురోజే చేరుకోండి. గుమ్మంలో మిమ్మల్ని చూడగానే ఆవిడ ఏడుస్తారు, మీరూ ఏడుస్తారు, బాబు బిక్కమొహం వేసుకుని చూస్తాడు. కాసేపటికి ఎవరికో ఆకలేస్తుంది. అప్పుడు సంచీ తీసుకుని ఇద్దరూ కూరగాయలకి వెళ్ళండి. బెండకాయలు కొనకపోయినా పర్వాలేదు.